మత్తు దిగాకే అసలు పరీక్ష: మొలల ఆపరేషన్ నొప్పిపై పల్లెవాసులు తెలుసుకోవలసిన సంగతులు

ఎల్బీ నగర్:
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ చౌరస్తా దాకా, అక్కడి నుంచి ఇటు హయత్‌నగర్ వైపు, అటు సాగర్ రోడ్డు వైపు గోడలపైన, కరెంటు స్తంభాలపైన కనిపించే ప్రకటనల్లో మొలల వైద్యానిది పెద్ద పీటే. "కోత లేదు, కుట్టు లేదు, నొప్పి అసలే లేదు" అన్నది వాటి సారాంశం. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల, అబ్దుల్లాపూర్‌మెట్, మహేశ్వరం, కందుకూరు మండలాల నుంచి బస్సెక్కి వచ్చే రోగులు డాక్టరును అడిగే మొదటి ప్రశ్న కూడా "జబ్బు పోతుందా?" అని కాదు, "నొప్పి ఉంటుందా?" అనే.

"ఉండదు" అనే జవాబులో సగమే నిజం. ఆపరేషన్ బల్లపై నొప్పి తెలియని మాట వాస్తవం. మత్తు దిగాక మొదలయ్యే నొప్పి మాత్రం వేరు. ఆ నొప్పి ఎప్పుడు వస్తుందో, ఎన్నాళ్లుంటుందో, దాన్ని అదుపులో ఉంచే దారులేమిటో ముందుగా చెప్పకపోవడం వల్లనే పలువురు ఇల్లు చేరాక అర్ధరాత్రి నానా అవస్థలు పడుతున్నారు. ఆ అవస్థ చూసిన ఇరుగు పొరుగు భయపడి తమ జబ్బును ఏళ్ల తరబడి దాచుకుంటున్నారు. ఒకరి నొప్పి పదిమందిని వైద్యానికి దూరం చేయడం ఇందులోని అసలు నష్టం.

దాపరికంతో వచ్చే చేటు

మొలలు సిగ్గుపడవలసిన జబ్బు కాదు. మలద్వారం దగ్గర అందరికీ ఉండే రక్తనాళాల మెత్తలు వాచి కిందికి జారడమే మొలలు. మలబద్ధకం, ముక్కి ముక్కి దొడ్డికి వెళ్లడం, గర్భం దాల్చడం వంటివి అందుకు కారణాలు. అయినా ఈ సంగతి మగవాళ్లు భార్యతో చెప్పరు, ఆడవాళ్లు ఎవరితోనూ చెప్పరు. రక్తం పడుతున్నా నెలల తరబడి ఊరుకుంటారు. చివరికి గోడమీది ప్రకటన చూసి ఏ అర్హతా లేని వారి గదికి చేరతారు. అక్కడ మొలలు మాడిపోవాలని ఘాటైన మందులు సూదితో ఎక్కిస్తే కండ కుళ్లడం, చీము పట్టడం, ద్వారం ఇరుకై పోవడం జరుగుతాయి. అప్పుడు పెద్దాసుపత్రికి పరుగు తీయక తప్పదు.

మరో ముఖ్య విషయం. రక్తం పడిన ప్రతిదీ మొల కాదు. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడుతుంది. ముఖ్యంగా నలభై దాటినవారికి రక్తంతో పాటు బరువు తగ్గడం, దొడ్డికి వెళ్లే అలవాటు మారడం, రక్తం తగ్గి నీరసపడడం కనిపిస్తే పరీక్ష చేయించనిదే మొలలని తీర్మానించుకోరాదు. చేత్తో, గొట్టంతో చూడకుండానే మొలల మందు చీటీ రాసేవారి దగ్గర ఆగరాదు.

అందరికీ కోత అక్కర లేదు

డాక్టర్లు మొలలను నాలుగు దశలుగా చూస్తారు. రక్తం పడుతూ బయటికి రానివి మొదటి దశ. దొడ్డికి వెళ్లినప్పుడు బయటికి వచ్చి వాటంతట అవే లోపలికి పోయేవి రెండవది. చేత్తో నెడితే గాని పోనివి మూడవది. ఎంత నెట్టినా పోనివి నాలుగవది. తొలి దశల్లో చాలామందికి పీచు పదార్థం, నీళ్లు, మందులతోనే తగ్గుతుంది. తగ్గకుంటే మొల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు. 1963లో బారన్ అనే అమెరికా వైద్యుడు వాడుకలోకి తెచ్చిన ఈ పద్ధతికి మత్తు కూడా పెద్దగా అవసరం పడదు.

దానికి కారణం శరీరంలోనే ఉంది. మలద్వారం లోపల సుమారు ఒక అంగుళం లోతున ఒక గీత ఉంటుంది. ఆ గీతకు పైన కోత నొప్పి తెలిపే నరాలు లేవు. బ్యాండు అక్కడే వేస్తారు కనుక బరువుగా, ఇబ్బందిగా ఉంటుందే తప్ప భరించలేని నొప్పి ఉండదు. గీతకు దిగువన సంగతి వేరు. అక్కడి చర్మంలో నరాల పోగులు దట్టంగా ఉంటాయి, గోరు తగిలినా ప్రాణం జివ్వుమంటుంది. ముదిరిన మొలలను కోసి తీసేటప్పుడు కత్తి ఈ దిగువ చర్మాన్ని కూడా తాకుతుంది. నొప్పికి మూలం అదే.

ఈ కోత ఆపరేషన్‌ను లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన మిల్లిగన్, మోర్గన్ అనే సర్జన్లు 1937లో వివరించారు. ముదిరిన మొలలకు నేటికీ అది నమ్మకమైన వైద్యమే. గాయానికి కుట్టు వేయకుండా వదిలేస్తారు. చేతికి గాయమైతే కట్టు కట్టుకుని కదపకుండా ఉంచవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు, మానుతున్న గాయం మీదుగానే రోజూ మలం పోవాలి. గాయం రేగినప్పుడల్లా ద్వారం చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటుంది. ఆ బిగుతుకు రక్తప్రసారం తగ్గి నొప్పి రెట్టింపవుతుంది. మొదటి వారం రోజులు కష్టకాలం. గాయం పూర్తిగా మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టడం మామూలే.

మత్తు సూది చేసే పని

నొప్పి కబురును మెదడుకు మోసేది నరం. నరంలో ఆ కబురు నడవాలంటే ఉప్పులోని సోడియం రేణువులు సన్నని ద్వారాల గుండా లోపలికి దూకాలి. స్థానికంగా ఇచ్చే మత్తుమందు ఆ ద్వారాలను కొంతసేపు మూసివేస్తుంది. మనిషి మేలుకునే ఉంటాడు, మాట్లాడతాడు, అక్కడ మాత్రం మొద్దుబారుతుంది. పన్ను పీకేటప్పుడు చిగురులో పొడిచే సూది ఇదే జాతిది.

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే వైద్యుడు కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చి ఆపరేషన్లకు దారి చూపాడు. కొకైన్ వ్యసనానికి దారితీసేది కావడంతో వేరే మందుల కోసం వెదకులాట సాగింది. 1943లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లోఫ్‌గ్రెన్ లిగ్నోకైన్‌ను తయారు చేశాడు. జైలోకైన్ పేరుతో 1948లో అది అంగళ్లకు వచ్చింది. 1957లో అదే దేశంలో బుపివకైన్ తయారైంది. మొలల ఆపరేషన్ తర్వాత నొప్పికి ఎక్కువగా వాడేది ఈ రెండవదాన్నే.

మత్తు వైద్యం విషయంలో హైదరాబాదు పేరు చిన్నదేమీ కాదు. రోగులకు క్లోరోఫాం ఇవ్వడంలో ప్రమాదమెక్కడుందో తేల్చడానికి 1888లోను, 1889లోను రెండు కమిషన్లు ఈ నగరంలోనే పని చేశాయి. నిజాం ప్రభుత్వం ఖర్చు భరించగా, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. గుండె కంటె ముందు శ్వాసే ఆగుతుందని ఆ కమిషన్ చెప్పిన మాట పూర్తిగా సరికాదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా మత్తు ఇచ్చేవారు రోగి ఊపిరిని క్షణక్షణం గమనించాలన్న పాఠం మిగిలింది. తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకొనే రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఈ నగరంలో చదివినవారే.

గడియారం లెక్క

నేడు మొలల ఆపరేషన్‌ను ఎక్కువగా వెన్నులో మత్తు సూది ఇచ్చి చేస్తారు. నడుము కింది భాగమంతా మొద్దుబారుతుంది. కొన్ని గంటల్లో ఆ మత్తు దిగుతుంది. ఆ వెంటనే నొప్పి విరుచుకు పడకుండా ఉండేందుకు సర్జను గాయం చుట్టూ బుపివకైన్ ఎక్కించవచ్చు. లేదా ఆ ప్రాంతానికి వచ్చే ప్రధాన నరం దగ్గరే ఇరుపక్కలా సూది ఇవ్వవచ్చు. లిగ్నోకైన్ అయితే గంటా రెండు గంటలు పని చేస్తుంది. బుపివకైన్ మనిషిని బట్టి నాలుగు నుంచి ఎనిమిది గంటల దాకా నిలుస్తుంది. నరం దగ్గర ఇచ్చినది ఇంకొంత ఎక్కువసేపు ఉండవచ్చు.

చిక్కంతా ఈ గంటల్లోనే ఉంది. ఉదయం పదకొండుకు ఆపరేషన్ అయిందనుకుందాం. మధ్యాహ్నం నాలుగింటికి రోగి హాయిగా లేచి కూర్చుంటాడు. "నొప్పే లేదు, ఇంటికి పోతా" అంటాడు. సాయంత్రం వాహనం ఎక్కుతాడు. గుంతల రోడ్డు దాటి ఊరు చేరే వేళకు సూది బలం తీరుతుంది. రాత్రి తొమ్మిదింటికి నొప్పి మొదలవుతుంది. అప్పటికి ఊళ్లో మందుల షాపు మూసి ఉంటుంది, రాసిచ్చిన బిళ్లలు పొద్దున కొనుక్కుందామని వచ్చేసి ఉంటాడు. సూది పని చేయలేదని, డాక్టరు మోసం చేశాడని ఆ రాత్రి అనుకుంటాడు. నిజానికి సూది తన పని తాను చేసింది. దాని తర్వాత ఏం చేయాలన్నదే ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మొద్దు ఉండగానే నొప్పి బిళ్ల వేసుకోవాలి. నొప్పి ముదిరాక వేసుకున్న బిళ్ల పని చేయడానికి గంట పడుతుంది, ఆ గంట గడవదు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఉన్నా లేకున్నా డాక్టరు చెప్పిన వేళకు వేసుకోవడమే మేలు. మందులు చేతికి వచ్చాకే ఆసుపత్రి గడప దాటాలి. ఊరు దూరమైతే ఆ ఒక్క రాత్రి ఆసుపత్రిలోనో, నగరంలోని బంధువుల ఇంటనో ఉండడం ఖర్చు అనుకోరాదు.

ఇంకొక జాగ్రత్త. వెన్ను మత్తు తర్వాత మూత్రం బిగిసిపోవడం తరచు జరిగేదే, మగవారిలో మరీను. మొద్దువల్ల ఉబ్బరం కూడా తెలియదు. మూత్రం పోశాకే ఇంటికి బయలుదేరాలి.

మోతాదు మించితే ముప్పు

మొద్దుబార్చే మందే కదా, మరింత ఎక్కిస్తే మరింత సేపు ఉంటుందన్న ఆశ ప్రమాదకరం. ఈ మందుకు మనిషి బరువును బట్టి హద్దు ఉంది. బుపివకైన్ సాధారణంగా కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 50 కిలోల స్త్రీకి 100 మిల్లీగ్రాములు. అర శాతం మందు అయితే అది 20 మిల్లీలీటర్లతో సరి. హద్దు మీరినా, పొరపాటున నేరుగా రక్తనాళంలోకి పోయినా పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు మొదలవుతాయి. ఆపైన మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అలాంటప్పుడు ఆక్సిజన్‌తో పాటు నరంలోకి కొవ్వు ద్రావణం ఎక్కించి ప్రాణం కాపాడతారు. ఆ ద్రావణం, దాన్ని వాడడం తెలిసిన మత్తు డాక్టరు ఉన్నచోటనే ఈ సూది వేయించుకోవాలి. షట్టరు వెనుక గదుల్లో ఈ ఏర్పాట్లు ఉంటాయని ఆశించడం అవివేకం.

గొట్టంలో వచ్చే జైలోకైన్ మలాముదీ అదే ధోరణి. దొడ్డికి వెళ్లే ముందు కొద్దిగా రాస్తే మంట తగ్గుతుంది. పచ్చి గాయం గుండా మందు రక్తంలోకి చేరుతుంది కనుక పూటకో గొట్టం పూయరాదు. దురద, దద్దుర్లు వస్తే మానివేసి డాక్టరుకు చెప్పాలి.

ఒక్క సూదితో తీరేది కాదు

సూది మందు కాపలా మొదటి రోజుకే. మిగతా రోజులకు నాలుగైదు ఉపాయాలు కలిపి వాడాలన్నది నేటి వైద్యుల మాట. పారాసిటమాల్ అందులో మొదటిది. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి రోజు మొత్తం మీద 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు ఎనిమిది, దాటకూడదు. బరువు తక్కువవారికి, తాగుడు అలవాటున్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ. జ్వరానికని, ఒళ్లు నొప్పులకని వేరే పేరుతో కొన్న బిళ్లల్లోనూ ఇదే మందు ఉంటుందని మరువరాదు. దానితో పాటు వాపు తగ్గించే నొప్పి బిళ్లలు ఇస్తారు. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ట్రమడాల్ వంటి బలమైన మందులు నొప్పిని అణచినా మలాన్ని గట్టిపరుస్తాయి. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నట్లే.

బిగుసుకున్న కండరాన్ని వదులు చేసేందుకు డిల్టియాజెం మలాము రాస్తారు. నైట్రోగ్లిసరిన్ మలాము కూడా ఆ పనే చేస్తుంది గాని కొందరికి తలనొప్పి తెస్తుంది. మెట్రోనిడజోల్ మలాము రాస్తే నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఖర్చు లేని ఉపాయం గోరువెచ్చని నీళ్లు. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో నడుము మునిగేలా పది పదిహేను నిమిషాలు కూర్చుంటే కండరం వదులవుతుంది. దొడ్డికి వెళ్లి వచ్చాక తప్పక కూర్చోవాలి. నీళ్లు కాలకూడదు, మొద్దు పూర్తిగా దిగక ముందు అసలే కూర్చోరాదు. వేడి తెలియక చర్మం కమిలిపోతుంది.

పత్యం పేరిట మరో పొరపాటు

కోత పడిందంటే పల్లెల్లో పత్యం పెడతారు. చారన్నం, కారప్పొడి తప్ప కూరలు, ఆకుకూరలు, పండ్లు ముట్టనివ్వరు. నీళ్లెక్కువ తాగితే చీము పడుతుందంటారు. దొడ్డికి వెళితే నొప్పని కొందరు రోగులే తిండి మానేస్తారు. ఇదంతా తలకిందుల వ్యవహారం. నాలుగు రోజులు ఆగిన మలం రాయిలా గట్టిపడి, బయటికి వచ్చే నాడు గాయాన్ని చీల్చుకుంటూ వస్తుంది. ఆ రోజు పడే బాధకు ఏ సూదీ పనికిరాదు. జొన్నరొట్టె, తోటకూర, పాలకూర, జామ, అరటి, మజ్జిగ తీసుకోవాలి. నీళ్లు దండిగా తాగాలి. డాక్టరు చెప్పిన లాక్టులోజ్ పానకమో, ఇసబ్‌గోలో ఆపరేషన్ నాటినుంచే వాడాలి. మలం మెత్తగా ఉంటే సగం నొప్పి తగ్గినట్లే.

'నొప్పి లేని' బోర్డుల నిజమెంత?

లేజరు, స్టేప్లరు వంటి కొత్త పద్ధతుల పేరుతో ప్రకటనలు వెలుస్తున్నాయి. వీటిని పూర్తిగా కొట్టిపారేయనక్కర లేదు. 1990 దశకంలో ఇటలీ సర్జను లోంగో ప్రచారంలోకి తెచ్చిన స్టేప్లరు పద్ధతిలో పని గీతకు పైన జరుగుతుంది కనుక మొదటి రోజుల్లో నొప్పి తక్కువే. బ్రిటన్‌లోని 32 ఆసుపత్రుల్లో 777 మందిపై జరిపి 2016లో ప్రకటించిన పరిశోధన కూడా ఆ మాట ఒప్పుకొంది. రెండేళ్లపాటు గమనించగా, పాత కోత పద్ధతిలో ఆపరేషన్ అయినవారే మెరుగ్గా ఉన్నారనీ, స్టేప్లరు వేసినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువనీ కూడా అందులోనే తేలింది. నాలుగు రోజుల సుఖానికీ నాలుగేళ్ల నిశ్చింతకూ మధ్య ఎంచుకోవలసింది రోగి. ఎంచుకునేందుకు రెండు సంగతులూ అతనికి తెలియాలి.

అమెరికాలో 2011లో అనుమతి పొందిన ఒక రకం బుపివకైన్ కూడా ఉంది. మందును సన్నని కొవ్వు బుడగల్లో చుట్టి ఇస్తే అది రెండు మూడు రోజులపాటు మెల్లమెల్లగా విడుదలవుతుందని దాని తయారీదారులు చెబుతారు. ఉత్త సెలైన్ నీళ్లతో పోలిస్తే మేలు కనిపించింది. మామూలు బుపివకైన్‌తో పోల్చిన పరిశోధనల్లో మాత్రం పెద్ద తేడా కనపడలేదు. ధర చూస్తే ఎన్నో రెట్లు. ఖరీదైనదల్లా గొప్పది కాదనడానికి ఇదొక ఉదాహరణ.

అడగవలసిన అయిదు ప్రశ్నలు

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు రోగి గాని, వెంట వచ్చిన మనిషి గాని అయిదు సంగతులు అడిగి తెలుసుకోవాలి. నాది ఏ దశ, బ్యాండుతో తగ్గదా? మత్తు ఎవరిస్తారు, ఏ సూది ఇస్తారు? దాని బలం ఎన్ని గంటలకు తీరుతుంది? అది తీరే ముందు నేను వేసుకోవలసిన బిళ్ల ఏది? రాత్రి నొప్పి ఎక్కువైతే ఏ నంబరుకు ఫోను చేయాలి? ఈ జవాబులు ఒక కాగితంపై తెలుగులో రాసి ఇవ్వడం ఏ ఆసుపత్రికీ భారం కాదు.

మూత్రం రాకపోవడం, చలిజ్వరం, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరగడం, గడ్డలు గడ్డలుగా రక్తం పోవడం వంటివి మామూలు నొప్పిగా భావించి ఓర్చుకోరాదు. వారం పది రోజుల తర్వాత కూడా హఠాత్తుగా రక్తం పడవచ్చు. అలాంటప్పుడు 108కి ఫోను చేయాలి.

పాలకులు చేయవలసింది

ఈ ప్రాంతవాసులకు వనస్థలిపురంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. 2018 సెప్టెంబరు 24న ఎల్బీ నగర్ దాకా మెట్రో రైలు వచ్చాక ఉస్మానియా ఆసుపత్రికి పోయిరావడం సులువైంది. పండ్ల మార్కెట్టు ఖాళీ చేసిన కొత్తపేట స్థలంలో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. భవనాల మాట అలా ఉంచితే, నొప్పి మాత్రం రోగితో పాటే ఊరు చేరుతుంది. నగరంలో ఆపరేషన్ అయిన రోగి పేరు ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలిసే ఏర్పాటు, మూడవ నాడు ఆశా కార్యకర్త ఒకసారి పలకరించే ఆనవాయితీ ఉంటే సగం కష్టం తీరుతుంది. పారాసిటమాల్, ఇసబ్‌గోల్ వంటివి కోట్లు పోసి కొనవలసిన మందులు కావు. అర్హత లేనివారి గోడ ప్రకటనలపై వైద్య ఆరోగ్య శాఖ అధికారులు ఎప్పటికప్పుడు చర్యలు తీసుకోవలసిన అవసరం కూడా ఎంతైనా ఉంది.

నొప్పి భయంతో దాచుకున్న జబ్బు ముదిరి పెద్ద కోతకే దారి తీస్తుంది. తొలి దశలో చూపించుకుంటే కత్తి అవసరమే రాకపోవచ్చు. కత్తి తప్పనిసరి అయినవారికి కూడా నేటి వైద్యంలో నొప్పిని అదుపులో ఉంచే దారులున్నాయి. "నొప్పి ఉండదు" అనే డాక్టరు కంటె, "రాత్రి తొమ్మిదికి నొప్పి వస్తుంది, ఎనిమిదికే ఈ బిళ్ల వేసుకో" అని చెప్పే డాక్టరునే పల్లెవాసులు నమ్మడం మంచిది.